వాలింది రెప్పా, వేలాడుతున్నది చర్మమా? ఆపరేషన్‌కు ముందు తేలవలసిన విషయం

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. నాలుగైదేళ్లుగా రెండు పైరెప్పలూ కిందికి దిగుతున్నాయి, ఎడమవైపు ఎక్కువ. పుస్తకం చదివేటప్పుడు కనుబొమ్మలు పైకి ఎత్తి పట్టుకోవలసి వస్తోంది, సాయంత్రానికి నుదురు నొప్పి పెడుతోంది, రెప్పలు మరీ బరువెక్కుతున్నాయి. ఒక డాక్టరు గారు అదనపు చర్మం తీసేస్తే చాలన్నారు. మరొకరు లోపలి కండరాన్ని బిగించాలన్నారు. గుండె డాక్టరు సలహాపై ఆస్పిరిన్ వాడుతున్నాను. కళ్లు పొడిబారతాయి. శుక్లం కొద్దిగా మొదలైందని కూడా చెప్పారు. చుక్కల మందుతో తగ్గే మార్గం లేదా? ఈ వయసులో అందం కోసం ఆపరేషన్ ఎందుకని ఇంట్లో వాళ్లు అంటున్నారు. నేను ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఇంట్లో వాళ్లు అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట మిమ్మల్ని నొప్పించిందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. పైరెప్ప అంచు కనుపాపకు అడ్డం వచ్చేంతగా దిగినప్పుడు దాన్ని పైకి లేపించుకోవడం చూపు కోసం చేయించుకునే చికిత్స. రెప్ప దిగిన కొద్దీ పైవైపు చూపు కుంచించుకుపోతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి మనిషి తనకు తెలియకుండానే నుదుటి కండరంతో కనుబొమ్మలను పైకి లాగి, గడ్డం ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటాడు. పొద్దంతా అలా లాగి పట్టుకున్న నుదురు సాయంత్రానికి నొప్పి పెట్టడంలోనూ, మెడ పట్టేయడంలోనూ వింతేమీ లేదు. చదివేటప్పుడు ఇబ్బంది ఎక్కువగా ఉందని మీరు రాసిన మాట కూడా ముఖ్యమైనదే. వయసు వల్ల వాలిన రెప్ప, చూపు కిందికి దించినప్పుడు ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి నిటారుగా చూస్తున్నప్పుడు అంతగా తెలియని అడ్డు, పుస్తకం ముందు కూర్చోగానే తెలిసివస్తుంది. ఇది సోకు కోసం పడే తాపత్రయం కాదని వారికి నిస్సంకోచంగా చెప్పండి.

ఇక ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలన్న ప్రశ్న. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మీ కంటి మీద అసలు ఏది కిందికి జారింది? బయటికి ఒకేలా కనిపించినా, ఇందులో మూడు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. కిటికీకి వేలాడదీసిన తెరను ఊహించుకోండి. తెర గుడ్డ సాగి పొడవైనా, దాన్ని పైకి లాగే తాడు వదులైనా, తెరను మోసే కడ్డీయే కిందికి జారినా, వెలుతురుకు అడ్డు ఒకేలా పడుతుంది. కంటి విషయంలో గుడ్డ అంటే పైరెప్ప చర్మం, తాడు అంటే రెప్పను ఎత్తే కండరం, కడ్డీ అంటే కనుబొమ్మ. మూడింటికీ చికిత్సలు వేరు. ఒకదానికి చేయవలసిన చికిత్స ఇంకొకదానికి చేస్తే సమస్య అలాగే ఉండిపోతుంది, ఒక్కోసారి ముదురుతుంది కూడా.

రెప్పను ఎత్తే పని ప్రధానంగా లెవేటర్ అనే కండరానిది. అది కంటి గుంట లోతులో మొదలై ముందుకు వచ్చి, చివరికి పలుచని, వెడల్పాటి పట్టీలా మారి, రెప్పకు బిగువునిచ్చే టార్సస్ అనే గట్టి ఫలకానికి అతుక్కుంటుంది. మెదడు నుంచి వచ్చే మూడో నరం దీన్ని నడిపిస్తుంది. దీని వెనకే ముల్లర్ కండరం అనే చిన్న కండరం ఉంటుంది, అది రెప్పను మరో 2 మిల్లీమీటర్ల దాకా ఎత్తగలదు. వయసు పైబడిన వారిలో చాలా సందర్భాల్లో కండరం బలంగానే ఉంటుంది, ఆ పట్టీ మాత్రం సాగిపోతుంది, లేదా ఫలకం నుంచి ఊడి వెనక్కి జరుగుతుంది. ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవారిలోనూ, కళ్లు బలంగా నలుపుకునే అలవాటు ఉన్నవారిలోనూ, కంటి ఆపరేషన్లు జరిగినవారిలోనూ ఇది తొందరగా కనిపిస్తుంది. రెప్ప మీది మడత మామూలుకన్నా పైకి జరగడం, ఆ పైభాగం లోపలికి గుంట పడినట్టు ఉండటం దీని గుర్తులు. వైద్యులు టోసిస్ అనేది దీన్నే.

చర్మం వేలాడటం దీనికి భిన్నం. అక్కడ రెప్ప అంచు తన చోటనే ఉంటుంది. వదులైన చర్మం మాత్రం మడత పడి, ముఖ్యంగా కంటి బయటి కొస వైపు, వెంట్రుకల మీదికి దిగుతుంది. అద్దం ముందు నిలబడి, ఆ చర్మాన్ని వేలితో మెల్లగా పైకి ఎత్తి పట్టుకుని, అసలు రెప్ప అంచు ఎక్కడుందో చూడండి. అంచు కనుపాపకు బాగా పైన ఉంటే మీ ఇబ్బందికి ఎక్కువ కారణం చర్మమే. చర్మం ఎత్తినా అంచు కనుపాప మీదే ఉంటే లోపలి పట్టీ సంగతి చూడవలసిందే. ఇదే పరీక్షలో నుదుటిని పూర్తిగా వదులుగా ఉంచి కనుబొమ్మను కూడా గమనించండి. కంటి గుంట పైనున్న ఎముక అంచును వేలితో తడిమితే తెలుస్తుంది. కనుబొమ్మ ఆ అంచు కన్నా కిందికి దిగితే, చర్మం వేలాడటానికి కొంత కారణం అదే కావచ్చు. అయితే ఇది మీరు డాక్టరు గారితో వివరంగా మాట్లాడటానికి పనికొచ్చే పరిశీలన మాత్రమే, రోగ నిర్ధారణ కాదు.

మీ వయసులో ఈ మూడూ తలా కొంత కలిసి ఉండటం సర్వసాధారణం. అందుకే మీ ఇద్దరు డాక్టర్లూ చెరో సగం నిజం చెప్పి ఉండవచ్చు. అయితే ఆ రెండు సగాల బరువు ఒకటి కాదు. పట్టీ వదులై ఉండగా చర్మం మాత్రమే తీస్తే, రెప్ప కాస్త తేలికపడినట్టు అనిపిస్తుంది గానీ అంచు పైకి లేవదు, నుదుటి శ్రమ తగ్గదు. చర్మం ఎక్కువగా తీస్తే కష్టం ఇంకా పెద్దది: కన్ను పూర్తిగా మూతపడదు, తీసిన చర్మాన్ని తిరిగి పెట్టడం కష్టం. కనుబొమ్మ కింది నుంచి వెంట్రుకల దాకా దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం మిగిలి ఉండాలని శస్త్రవైద్యులు పాటించే లెక్క ఇందుకే పుట్టింది. మరో చిక్కు కూడా ఉంది. అడ్డు తొలగగానే అంతవరకు శ్రమపడుతున్న నుదురు విశ్రాంతి తీసుకుంటుంది, దాంతో కనుబొమ్మ ఇంకొంచెం దిగుతుంది. కనుబొమ్మ సంగతి ముందుగా అంచనా వేయకపోతే, కొన్ని నెలలకే చర్మం మళ్లీ దిగినట్టు కనిపిస్తుంది.

ఈ తేడాలన్నీ కొలతలతో తేలతాయి. వాటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, స్కేలు, టార్చిలైటు చాలు. నల్లగుడ్డు మధ్యలో పడే కాంతి ప్రతిబింబం నుంచి పైరెప్ప అంచు దాకా ఎంత దూరముందో చూస్తారు. మామూలుగా అది 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 2 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే చూపుకు అడ్డు పడుతున్నట్టు లెక్క. తర్వాత కనుబొమ్మను బొటనవేలితో కదలకుండా అదిమి పట్టి, మిమ్మల్ని పూర్తిగా కిందికి, ఆపై పూర్తిగా పైకి చూడమంటారు. రెప్ప అంచు ఎంత మేర కదిలిందన్నది కండరం బలానికి కొలత. ఆరోగ్యంగా ఉన్న కండరం 15 మిల్లీమీటర్ల మేర ఎత్తుతుంది, 4 మిల్లీమీటర్లకు మించకపోతే చాలా బలహీనమని అర్థం. చూపు విస్తీర్ణ పరీక్షను రెండుసార్లు, ఒకసారి రెప్పను మామూలుగా వదిలి, ఇంకొకసారి టేపుతో ఎత్తి కట్టి చేస్తే, ఆపరేషన్ వల్ల మీకు ఎంత చూపు తిరిగి వస్తుందో ముందే తెలుస్తుంది. మీకు ఎడమవైపు ఎక్కువగా వాలింది కాబట్టి ఇంకో పరీక్ష తప్పక చేయించుకోండి. రెండు రెప్పలకూ మెదడు ఒకే మోతాదులో ఆదేశం పంపుతుంది. వాలిన ఎడమ రెప్పను ఎత్తడానికి అది అదనంగా పంపుతున్న బలం కుడి రెప్పను కూడా ఎత్తి నిలబెడుతూ ఉండవచ్చు. ఎడమ రెప్పను వేలితో ఎత్తి పట్టుకున్నప్పుడు కుడి రెప్ప దిగిపోతే, ఎడమవైపు మాత్రమే ఆపరేషన్ చేయించుకున్నాక కుడివైపు వాలుతుందని అనుకోవాలి.

ఈ కొలతలు మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరు తీశారో మీ ఉత్తరంలో లేదు. తీసి చెప్పినవారి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

సాయంత్రానికి రెప్పలు మరీ బరువెక్కుతున్నాయన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. వదులైన పట్టీని మోసే కండరాలు రోజు గడిచే కొద్దీ అలసిపోతాయి కాబట్టి, వయసు వల్ల వచ్చిన టోసిస్ కూడా సాయంత్రం పూట ఎక్కువగానే కనిపిస్తుంది. అయితే మయస్థీనియా గ్రావిస్ అనే వ్యాధి కూడా ఇలాగే మొదలవుతుంది. అందులో నరం నుంచి కండరానికి ఆదేశం అందే చోట శరీరంలోని రోగనిరోధక శక్తే అడ్డుపడుతుంది. ఒక రోజు ఒక కన్ను, ఇంకో రోజు రెండో కన్ను ఎక్కువగా వాలడం, నిద్ర లేచాక బాగుండి పనిచేసిన కొద్దీ దిగడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలడంలోనో మింగడంలోనో మాట్లాడటంలోనో అలసట రావడం దాని లక్షణాలు. ఒకటి రెండు నిమిషాల పాటు పైకే చూడమని రెప్ప మెల్లగా జారుతుందా అని గమనించడం, మూసిన రెప్ప మీద 2 నిమిషాలు మంచు సంచి ఉంచి అది 2 మిల్లీమీటర్లయినా లేస్తుందా అని చూడటం తేలికైన పరీక్షలు. రక్తపరీక్ష కూడా ఉంది గానీ, వ్యాధి కంటికే పరిమితమైనవారిలో అది చాలాసార్లు ఏమీ చూపించదు, కాబట్టి దాన్ని మాత్రమే నమ్మి వ్యాధి లేదని కొట్టిపారేయకూడదు. ఈ వ్యాధి ఉంటే ముందు మందులతో వైద్యం జరగాలి. రోజుకో ఎత్తులో ఉండే రెప్పను కత్తితో ఒకే ఎత్తులో నిలబెట్టడం సాధ్యం కాదు.

మీ సమస్య ఏళ్ల మీద మెల్లగా పెరిగింది కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది బహుశా మీకు వర్తించదు, కానీ ఇది చదివే మరొకరికి పనికొస్తుంది. రెప్ప గంటల్లోనో రోజుల్లోనో ఉన్నట్టుండి వాలిపోయి, దానితోపాటు తీవ్రమైన తలనొప్పి, కనుపాప పెద్దది కావడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే, మెదడు రక్తనాళంలో ఉబ్బు మూడో నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. రెప్ప కొద్దిగా వాలి ఆ వైపు కనుపాప చిన్నదై, మెడ నొప్పి కూడా ఉంటే మెడలోని రక్తనాళం పొర చీలి ఉండవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇవన్నీ పరీక్షించి, పట్టీ సాగిందని తేలి, కండరం బలంగా ఉందని తెలిస్తే, సాధారణంగా చేసేది లెవేటర్‌ను ముందుకు లాగి బిగించే ఆపరేషన్. రెప్ప మడతలోనే కోత పెడతారు కాబట్టి మచ్చ ఆ మడతలో కలిసిపోతుంది. అదనపు చర్మం ఉంటే అదే కోత నుంచి దాన్నీ తీయవచ్చు, అంటే మీ ఇద్దరు డాక్టర్లు చెప్పిన రెండు పనులూ ఒకేసారి జరగవచ్చు. పూర్తి మత్తు ఇవ్వకుండా ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తారు, ఎందుకంటే మధ్యలో మిమ్మల్ని కళ్లు తెరవమని, ఒక్కోసారి లేచి కూర్చోమని చెప్పి రెప్ప ఎత్తును చూసుకుంటూ కుట్టు బిగిస్తారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఆ ఎత్తు కొంత మోసగించగలదు. మొద్దుబార్చే మందు, దానిలో కలిపే అడ్రినలిన్, అప్పటి వాపు, అన్నీ రెప్పను తలా ఒక దిక్కుకు లాగుతుంటాయి. టోసిస్ ఆపరేషన్లలో కొందరికి రెండోసారి సరిచేయవలసి రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఈ అవకాశాన్ని ముందుగానే చెప్పే డాక్టరును మెచ్చుకోవాలి, భయపడి వదిలిపెట్టకూడదు.

వాలుడు తక్కువగా ఉన్నవారికి మరో పద్ధతి ఉంది. ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసి కొన్ని నిమిషాల్లో రెప్ప లేస్తుందా అని చూస్తారు. లేస్తే, రెప్ప లోపలివైపు నుంచి ముల్లర్ కండరాన్ని కొంత కుదించి కుట్టవచ్చు, బయట కోత ఉండదు. కండరమే చాలా బలహీనమైనప్పుడు, పుట్టుకతో వచ్చే టోసిస్‌లో చాలాసార్లు ఇలాగే ఉంటుంది, రెప్పను నుదుటి కండరానికి కట్టే వేరే ఆపరేషన్ చేస్తారు. మీ పరిస్థితి అలాంటిది కాదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను.

చుక్కల మందు గురించి అడిగారు. ఆక్సీమెటజోలిన్ 0.1 శాతం చుక్కలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతి ఇచ్చింది. అది ముల్లర్ కండరాన్ని ప్రేరేపించి రెప్పను దాదాపు ఒక మిల్లీమీటరు ఎత్తుతుంది, ఆ ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. సాగిన పట్టీని అది బాగుచేయదు, వేలాడే చర్మం మీద దాని ప్రభావం ఉండదు. గుండె జబ్బు ఉన్నవారు వైద్యులను అడగకుండా దాన్ని వాడకూడదు కాబట్టి, మీ విషయంలో దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దంటాను.

మీ పొడికళ్ల విషయాన్ని శస్త్రవైద్యుడితో తప్పకుండా, మొదటి సంప్రదింపులోనే చెప్పండి. రెప్ప ఎత్తితే కన్ను ఎక్కువగా తెరుచుకుంటుంది, కన్నీరు త్వరగా ఆరిపోతుంది. మొదటి కొన్ని వారాలు నిద్రలో కన్ను సందు మిగిల్చి మూతపడవచ్చు కూడా. కన్నీటి పరిమాణం కొలిచి, కళ్లు మూసినప్పుడు గుడ్డు సహజంగా పైకి తిరిగి నల్లగుడ్డును కాపాడుకుంటోందో లేదో చూసి, పొడిదనం ఎక్కువగా ఉంటే రెప్పను కావాలనే కాస్త తక్కువ ఎత్తులో నిలుపుతారు. పూర్తిగా విప్పారిన కన్ను కావాలని పట్టుబట్టకండి. మంట లేని కన్ను అంతకన్నా మేలు.

ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపవద్దు. అది ఎందుకు ఇచ్చారో తెలిసిన గుండె డాక్టరు, రెప్ప ఆపరేషన్ చేసే డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించవలసిన సంగతి ఇది. స్టెంటు వేయించుకున్నవారిలో మందు ఆపడం వల్ల వచ్చే ముప్పు, రెప్ప కమిలే ఇబ్బంది కన్నా ఎన్నో రెట్లు పెద్దది. చేపనూనె గుళికలు, విటమిన్ ఇ లాంటివి వాడుతుంటే వాటినీ చెప్పండి, అవి కూడా రక్తస్రావాన్ని కాస్త పెంచగలవు. రెప్పల ఆపరేషన్‌లో అందరూ భయపడే ప్రమాదం కంటి వెనక రక్తం చేరి చూపు నరాన్ని నొక్కడం. ఇది చాలా అరుదు, దాని వల్ల శాశ్వతంగా చూపు పోవడం ఇంకా అరుదు. అయినా దాని గుర్తులు తెలిసి ఉండాలి: మొదటి రోజు, మొదటి రాత్రి తీవ్రమవుతూ పోయే నొప్పి, కన్ను ముందుకు పొడుచుకు రావడం, చూపు మసకబారడం. ఇవి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకూడదు, ఎందుకంటే వెంటనే ఒత్తిడి తగ్గిస్తే చూపు దక్కుతుంది. రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో ఆపరేషన్‌కు ముందే అడిగి రాసుకోండి.

కోలుకోవడం గురించి ఎక్కువగా కంగారుపడనక్కర్లేదు. మొదటి రెండు రోజులు చల్లని కాపడం, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు, అంతే. కుట్లు సాధారణంగా వారం అటూ ఇటూగా తీస్తారు, కమిలిన రంగు ఒకటి రెండు వారాల్లో పోతుంది. మొదటి నెలలో రెండు కళ్లూ ఒకే ఎత్తులో లేవని బెంబేలు పడవద్దు. అసలు ఎత్తు తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇక శుక్లం. రెప్ప ఎత్తు మారితే నల్లగుడ్డు వంపు స్వల్పంగా మారి అద్దాల నంబరు తేడా రావచ్చు. మీకు శుక్లం మొదటి దశలోనే ఉంది కాబట్టి, ముందు రెప్పలు చేయించుకుని, దాదాపు మూడు నెలలు ఆగి, ఆ తర్వాతే కొత్త కళ్లద్దాలు గానీ, కంటిలో పెట్టే లెన్సు కొలతలు గానీ తీయించుకోవడం మంచిదని నా సలహా. చూపు తగ్గడానికి శుక్లమే ఎక్కువ కారణమని పరీక్షలో తేలితే వరుస మారుతుంది, అప్పుడు శుక్లం ఆపరేషన్ ముందు చేయించుకోవచ్చు. దాని తర్వాత రెప్ప ఇంకాస్త దిగడం కొందరిలో కనిపిస్తుంది, దాన్నీ కలిపి ఒకేసారి సరిచేస్తారు.

మీరు ఇప్పుడే తేదీ ఖాయం చేసుకోవద్దు. కంటి రెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన ఓక్యులోప్లాస్టీ వైద్యులను ఒకరిని సంప్రదించండి. వెళ్లేటప్పుడు పదేళ్ల నాటి ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి, ఈ మధ్య ఒకే రోజు పొద్దున, సాయంత్రం నుదుటిని వదులుగా ఉంచి తీయించుకున్న ఫొటోలు రెండు, మీరు వాడే మందులన్నిటి చీటీ తీసుకెళ్లండి. రెప్ప ఎత్తు ఎంత, కండరం బలం ఎంత, కనుబొమ్మ ఎక్కడుంది, మయస్థీనియా పరీక్ష చేశారా, ఎడమ రెప్ప ఎత్తితే కుడిది దిగుతోందా అని అడిగి, చెప్పిన అంకెలను కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే, పాత ఇద్దరు డాక్టర్లలో ఎవరి దగ్గరికి తిరిగి వెళ్లినా మాట తేలిగ్గా తెగుతుంది. వచ్చే సంప్రదింపుకు ఇంట్లో వాళ్లలో ఒకరిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి. టేపు కట్టి, విప్పి తీసిన రెండు చూపు పటాలను పక్కపక్కన పెట్టి చూపించమని డాక్టరు గారిని అడగండి.